స్పీడ్ బాగున్నా కాల్ ఎందుకు తెగుతోంది?

ప్రశ్న: మాది 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. రాత్రి ఏడు దాటితే వీడియో కాల్‌లో మాట ముక్కలవుతోంది. స్పీడ్ టెస్ట్‌లో ఏ లోపమూ కనిపించదు. ఫిర్యాదు చేస్తే ‘మీ వైఫైలోనే తేడా’ అంటున్నారు. విండోస్ ల్యాప్‌టాప్‌లో తేల్చుకునే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉంది. పింగ్ చాలు. ఒక అడ్రస్‌కు చిన్న సందేశం (ప్యాకెట్) పంపి, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో చెప్పే కమాండ్ ఇది. స్పీడ్ టెస్ట్ కొన్ని సెకన్ల సగటు చెబుతుంది, మధ్యలో అరసెకను ఆగినా అందులో కలిసిపోతుంది. కాల్‌ను చెడగొట్టేది ఆ అరసెకనే.

కమాండ్ ప్రాంప్ట్‌లో ముందు ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టండి. ‘డీఫాల్ట్ గేట్‌వే’ ఎదురుగా ఉన్నది మీ రూటర్ అడ్రస్; చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1. తర్వాత రెండు విండోలు తెరవండి. ఒకదాంట్లో రూటర్ అడ్రస్‌కు, రెండోదాంట్లో 8.8.8.8కు (ఇంటి బయట ఉన్న గూగుల్ సర్వర్) పింగ్ పెట్టండి. రెండింటి చివరా ‘-టి’ తప్పనిసరి (ping 8.8.8.8 -t). అది లేకపోతే నాలుగు ప్యాకెట్లతో ఆగిపోతుంది; వచ్చిపోయే జబ్బు నాలుగు ప్యాకెట్లకు దొరకదు. కాల్ మాట్లాడుతూ పది నిమిషాలు నడవనిచ్చి, కంట్రోల్-సితో ఆపండి.

రూటర్ విండోలోనే టైం అయిదారు మిల్లీసెకన్ల నుంచి వందల్లోకి ఎగబాకినా, ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ (జవాబు రాలేదు) పదేపదే పడినా ముందు వైఫైనే అనుమానించండి. ల్యాన్ కేబుల్ పెట్టి చూడండి. దాంతో నిలకడగా ఉంటే వైఫైలో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు మారండి. పక్క ఫ్లాట్ల రూటర్లన్నీ 2.4 మీదే ఉంటే అక్కడ ఖాళీ దొరకదు.

రూటర్ బాగుండి 8.8.8.8 ఒక్కటే తడబడితే, వెంటనే కంపెనీని తప్పుపట్టకండి. ఆ వేళకే ఇంట్లోని ఫోన్లు ఫొటోలు బ్యాకప్ చేస్తుండొచ్చు. అప్‌లోడ్ నిండితే మీ మాట ప్యాకెట్లు కూడా ఆ క్యూలోనే నిలబడాలి. 20 ఉన్న టైం 300 అవుతుంది. బ్యాకప్‌లు ఆపినా అంతే ఉంటే లోపం బయటిదే. రెండు విండోల స్క్రీన్‌షాట్లూ, గడియారం కనిపించేలా తీసి పంపండి. అప్పుడు వైఫై మాట చెల్లదు.

చివర్లో వచ్చే ‘లాస్ట్ = 0’ను (పోయిన ప్యాకెట్లు సున్నా) మాత్రం గుడ్డిగా నమ్మకండి. ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ను (ఆ అడ్రస్‌కు చేరలేకపోయాం) కూడా విండోస్ అందిన జవాబుగానే లెక్కేస్తుంది. పై వరుసలు చదవాల్సిందే.

ప్రశ్న: 8.8.8.8 పలుకుతోంది, సైట్లు మాత్రం తెరుచుకోవడం లేదు. ఎందుకు?
– మరో పాఠకుడు, వరంగల్

జవాబు: సైటు పేరుతో పింగ్ చేయండి. ‘కుడ్ నాట్ ఫైండ్ హోస్ట్’ అంటే లైన్ ఉంది, పేరును అడ్రస్‌గా మార్చే డీఎన్‌ఎస్ పనిచేయడం లేదు. నెట్‌వర్క్ సెట్టింగుల్లో డీఎన్‌ఎస్‌గా గూగుల్ వారి 8.8.8.8 ఇచ్చి చూడండి. అడ్రస్ చూపించి జవాబు రాకపోతే కంగారు వద్దు, కొన్ని సర్వర్లు పింగ్‌కు పలకవు.