మన చేలల్లో .315 ఫ్యాక్టరీ తూటాను ఎంతవరకు నమ్మొచ్చు?

అడిగింది ఇదీ: కల్వకుర్తి దగ్గర పల్లి చేను ఉంది. నాన్నగారి .315 రైఫిల్ ఇప్పుడు మీ లైసెన్స్ మీదికి వచ్చింది. గన్ షాపులో దొరికేది మన ప్రభుత్వ ఆయుధ కర్మాగారం, అంటే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ తూటా ఒక్కటే. అది గురిగా పోదని తెలిసినవాళ్లు అంటున్నారు. అడవి పందులకు అది చాలుతుందా, లేక ఎవరితోనైనా తూటాలు నింపించుకోవాలా?

నింపించుకునే ఆలోచన ఇప్పుడే వదిలేయండి. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 5 ప్రకారం తూటా తయారీకి వేరే లైసెన్స్ కావాలి. ఊళ్లో ఎవరో నింపి ఇస్తారంటే అది అక్రమం. పైగా ఎంత మందు పోశాడో తెలియని తూటాను ముఖానికి జానెడు దూరంలో పేల్చుకోవడం ఎవరికీ మంచిది కాదు. విదేశీ తూటాల దిగుమతి కూడా మీకూ నాకూ అయ్యే పని కాదు.

ఇంకో మాట. లైసెన్స్ ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం. పంట నాశనం చేస్తున్న జంతువు విషయంలో సెక్షన్ 11 కింద అనుమతి ఇవ్వొచ్చు, అది కూడా రాతపూర్వకంగా. 2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూల్‌లో ఉంది. అందుకే ముందు పంచాయతీలో, అటవీ రేంజ్ ఆఫీసులో కనుక్కోండి. వాళ్ల జాబితాలో ఉన్న షూటర్లను పంపిస్తారు. నేను దేవరకొండ వైపు ఆ పనికే వెళ్తుంటాను. చందంపేట, డిండి చుట్టుపక్కల మక్క చేలు, పల్లి చేలు, కంది చేలు, రాత్రిపూట మంచె మీద కూర్చోవడం, ఇదీ నా అనుభవం. కింద రాసేదంతా అక్కడ చూసిందే. రాజస్థాన్ మైదానాల్లో మూడు వందల మీటర్ల దూరం కాల్చేవాళ్లకు ఇది పనికిరాదు.

తూటా విషయానికొద్దాం. బ్రిటిష్ కాలంలో సైన్యం వాడే .303 జనం చేతికి పోకూడదని నిషేధం పెట్టారు. అందుకే ఆస్ట్రియా వాళ్ల మాన్‌లిషర్ రైఫిల్‌కు చేసిన 8 మిల్లీమీటర్ల తూటా ఇక్కడ .315 పేరుతో వేట తూటాగా స్థిరపడింది. అప్పట్లో ఇంగ్లండ్ కంపెనీ బీఎస్ఏ వాళ్లు మన దేశం కోసం ఈ బోర్‌లో (గొట్టం లోపలి కొలత) రైఫిళ్లు చేసేవారు, తర్వాత బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసింది. తూటా అడుగున కేఎఫ్ అని ఉంటే అది పుణె దగ్గరి ఖడ్కీలో తయారైనది. 2021 అక్టోబరులో ఆర్డినెన్స్ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టాక తూటాల పని మ్యూనిషన్స్ ఇండియా కిందికి వెళ్లింది. తూటాలోంచి బయటికి పోయే గుండు బరువు 244 గ్రెయిన్లు, అంటే దాదాపు 16 గ్రాములు. వేగం సెకనుకు సుమారు 2,000 అడుగులు. ఈ కాలం రైఫిళ్ల లెక్కలో ఇది నెమ్మది, కానీ బరువైన గుండు. అమెరికా వాళ్ల .30-06 రైఫిల్ తూటాలో 180 గ్రెయిన్ల గుండు 2,700 అడుగుల వేగంతో పోతుంది.

"గురిగా పోదు" అనేవాళ్లను నేను ఒకటే అడుగుతాను: ఎంత దూరంలో, ఏ సైటుతో (గురి చూసే సాధనం), ఏ పెట్టెలో తూటాలతో? చాలామంది దగ్గర జవాబు ఉండదు. మామ దగ్గర నాలుగు, అన్న దగ్గర ఆరు తెచ్చుకుని, ఇనుప సైటు మీద వంద మీటర్లలో కాల్చి, తూటాను తిట్టుకుంటారు. ఒకే లాట్ (ఫ్యాక్టరీలో ఒకే విడతలో చేసిన) తూటాలతో, బస్తా మీద రైఫిల్ ఆనించి, యాభై మీటర్లలో కాలిస్తే నా రైఫిల్ రెండు, రెండున్నర అంగుళాల వెడల్పులో పెడుతుంది. పోటీలకు ఇది నవ్వొచ్చే లెక్క. పందికి మాత్రం సరిపోతుంది. దాని గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ముందు కాలి మోచేతికి కాస్త పైన, కాస్త వెనక, ఆరంగుళాల వెడల్పు ఉంటుంది. చీకట్లో టార్చ్ వెలుతురులో మనం చేసే తప్పు ఆ రెండంగుళాల కంటే ఎప్పుడూ ఎక్కువే.

అసలు జాగ్రత్త పడాల్సింది లాట్ దగ్గర. పెట్టె మీద లాట్ నంబరు, సంవత్సరం ఉంటాయి. మందు లాట్ మారితే వేగం కొంచెం మారుతుంది, గుండు పడే చోటూ మారుతుంది. ఏ దేశం ఫ్యాక్టరీ తూటాకైనా ఇది ఉన్నదే. ఒక పెట్టెతో సైటు సరిచేసి, ఇంకో పెట్టెతో చేనులోకి పోతే ఆ రెండంగుళాలు నాలుగవుతాయి. మీ లైసెన్స్‌లో రాసిన పరిమితి మేరకు ఒకే లాట్‌లో కొనండి. షాపువాడు విసుక్కున్నా పెట్టె తిప్పి చూడండి. అందులో కొన్ని సైటుకు, మిగతావి పనికి. అయిపోవస్తే కొత్త లాట్‌తో మళ్లీ కాల్పులు సాధన చేసే రేంజ్‌కు పోవాల్సిందే. సొంత చేనులో డబ్బా పెట్టి ప్రాక్టీస్ చేస్తే పోలీస్ కేసు అవుతుంది, అనుమతి ఉన్న రేంజ్‌లోనే చేయండి.

రేంజ్‌లో చాలామంది చూడనిది ఒకటుంది. వరసగా ఐదు కాలిస్తే బ్యారెల్ వేడెక్కుతుంది, చివరివి పక్కకు జరగొచ్చు. మంచె మీద మీకు దొరికేది చల్లటి బ్యారెల్‌లోంచి పోయే మొదటి తూటా ఒక్కటే. దాన్ని వేరే కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఐదింటి సగటు కంటే ఆ ఒక్క రంధ్రమే ముఖ్యం. యాభై మీటర్లకు సైటు సరిచేస్తే వంద మీటర్లలో ఈ గుండు రెండంగుళాలు కిందికి పడుతుంది. నేను డెబ్బై మీటర్లు దాటితే కాల్చను. అంత దూరంలో రాత్రిపూట అది పందో, మేతకు తప్పిపోయిన దూడో చెప్పలేం.

గుండు రకం సాఫ్ట్ నోస్ అయి ఉండాలి. మొన దగ్గర సీసం బయటకు కనిపిస్తుంది, లోపలికి పోయాక విచ్చుకుంటుంది. మొత్తం రాగి తొడుగు ఉన్న గుండు సన్నటి రంధ్రం చేసి అవతలికి పోతుంది, పంది గాయంతో పొదల్లోకి వెళ్లి రెండు రోజులకు చస్తుంది. లేదా పొద్దున నీళ్లు కట్టడానికి వచ్చిన రైతు మీద పడుతుంది. ముదురు మగ పందికి భుజం మీద తోలు కింద గట్టి కవచం లాంటి పొర ఉంటుంది. తేలికపాటి వేగమైన గుండ్లు దగ్గర దూరంలో అక్కడే విచ్చుకుని ఆగిపోవచ్చు. ఇక్కడ మాత్రం .315 నెమ్మదితనం లాభమే, బరువుతో లోపలిదాకా పోతుంది. చందంపేట దగ్గర ఒక పల్లి చేనులో ఇలాంటిదాన్నే పక్క నుంచి కాల్చాను. అక్కడ కూలలేదు, కంది చేనులోకి ఉరికింది. రైతు వెంటనే దిగబోయాడు. "సారూ, తప్పిపోయింది సారూ, పోయి చూస్త" అని ఒకటే తొందర. అరగంట ఆపాను. తర్వాత వెళ్తే నలభై అడుగుల్లోనే చచ్చి ఉంది. మంచి దెబ్బ తిన్నదీ పరుగెత్తుతుంది. అందుకే తూటా పనిచేయలేదని అప్పుడే తేల్చకండి, చీకట్లో వెంట పడకండి.

మన నేలలో ఇంకో సమస్య రాళ్లు. దేవరకొండ నుంచి అచ్చంపేట దాకా చేల మధ్యన బండరాళ్లు, గుట్టలే. ఇంత బరువైన గుండు బండకు తగిలితే ఎటు తిరుగుతుందో దేవుడికే తెలియాలి. మంచె ఎత్తు నుంచి కిందికి కాల్చడమే మంచిది, గుండు నేలలోకి పోతుంది. పంది వెనక రాయి కనిపించినా, పక్క చేనులో మోటారు దగ్గర లైటు కనిపించినా ట్రిగ్గర్ మీంచి వేలు తీసేస్తాను. పంది మళ్లీ వస్తుంది. పందుల భయంతో కొందరు చేను చుట్టూ కరెంటు తీగ పెడతారు, అది ఇంకా ఘోరం, మనుషుల్ని చంపుతోంది.

తూటా పేలలేదన్న ఫిర్యాదుల్లో నేను చూసినవి ఎక్కువగా దాచిన తీరు వల్ల వచ్చినవే. తోలు బెల్టులో ఏళ్ల తరబడి గుచ్చి ఉంచితే తోలులోని ఆమ్లానికి ఇత్తడి పచ్చగా తుప్పు పడుతుంది. తుపాకీకి రాసే నూనె తూటాకు తగిలితే అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్‌లోకి దిగి దాన్ని చంపేస్తుంది. మే నెలలో జీపు డ్యాష్‌బోర్డు మీద పెట్టి వేడెక్కిన తూటాను కాలిస్తే పీడనం పెరుగుతుంది, గుండు గురికంటే పైకి కొడుతుంది. మూత బిగుతుగా పట్టే డబ్బాలో, తేమ లాగే సిలికా పొట్లం వేసి, నీడన ఉంచండి. ట్రిగ్గర్ లాగాక శబ్దం రాకపోతే, తూటా ఎక్కించి మూసే బోల్టు వెంటనే తీయొద్దు. గొట్టం నేల వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలేవి ఉంటాయి.

.30-06కు మారాలా అన్న ఆలోచన వస్తే, మంచె మీది దూరాలకు అవసరం లేదు. ఆ డబ్బు టార్చ్ మీద పెట్టండి. కానీ టార్చ్ క్లాంపు బ్యారెల్‌కు బిగిస్తే గుండు పడే చోటు మారిపోతుంది. రైఫిల్ ముందు భాగపు కొయ్యకు బిగించి, అది ఉన్నప్పుడే సైటు సరిచేయించుకోండి.