‘బ్రో’ సినిమాలో పవన్ కల్యాణ్ పోషించినది యముడి పాత్రా?

కాదు, 2023 జులైలో విడుదలైన ‘బ్రో’ చిత్రంలో పవన్ కల్యాణ్ పోషించినది మనిషి రూపంలో వచ్చిన కాలం పాత్ర. తండ్రి పోయాక ఇంటి బరువునంతా భుజాన వేసుకుని, ఎవరు పలకరించినా తీరిక లేదనే కథానాయకుడు మార్కండేయ (సాయి ధరమ్ తేజ్) రోడ్డు ప్రమాదంలో చనిపోతాడు. అతడు ఇన్నాళ్లూ లేదంటూ వచ్చింది సమయమే కాబట్టి, ఎదురుపడి లెక్క అడగవలసినది కూడా సమయమే అన్నది ఈ కథకు మూలమైన ఊహ. ఉదాహరణకు, చెల్లెళ్ల పెళ్లిళ్లు, తమ్ముడి భవిష్యత్తు తాను లేకుంటే ఆగిపోతాయని అతడు వేడుకున్నప్పుడు, ఆ పాత్ర చిట్టా తిరగేయదు, తీర్పు చెప్పదు. 90 రోజుల గడువు ఇచ్చి, తానే వెంట వస్తుంది. యముడైతే ఇలా పక్కనే తిరుగుతూ ఆటపట్టించడం అంతగా పొసగేది కాదు.

‘యమగోల’ (1977), ‘యముడికి మొగుడు’ (1988) వంటి చిత్రాల్లో కైకాల సత్యనారాయణ యముడిగా స్థిరపడిపోవడంతో, చనిపోయినవాడు తిరిగి వచ్చే కథ అనగానే మన ప్రేక్షకులకు యమలోకమే గుర్తుకు వస్తుంది. పైగా పురాణంలో యమపాశం నుంచి శివుడు కాపాడిన బాలుడి పేరే కథానాయకుడికి పెట్టడం ఆ అపోహను మరింత పెంచింది. దీనికి మాతృక అయిన తమిళ చిత్రం ‘వినోదయ సిత్తం’లోనూ దర్శకుడు సముద్రఖని స్వయంగా ధరించినది కాలం పాత్రే.