అమ్మాయి ఢిల్లీలో ఎంపీలకు నోట్స్ రాస్తానంటోంది... పంపొచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమాస్తాగా చేస్తున్నా. మా పాప నల్గొండలో బీఏ ఫైనలియర్. అమెరికా సెనేట్‌లో పార్టీలకు పాలసీ కమిటీలు ఉంటాయని, బిల్లులు చదివి సభ్యులకు నోట్స్ రాసే ఉద్యోగాలు అక్కడ ఉంటాయని ఎక్కడో చదివింది. ఢిల్లీలో అలాంటి పనే చేస్తానంటోంది. గ్రూప్-2 కోచింగ్‌కు పొమ్మంటే వినడం లేదు. పార్టీ ఆఫీసులో ఆడపిల్లకేం పని సార్?

జవాబు: అన్నా, మీ భయం నాకు అర్థమైంది. పార్టీ అనగానే మన కళ్ల ముందు మెదిలేవి కండువాలు, ఫ్లెక్సీలు, ర్యాలీలే. మీ పాప అడుగుతున్నది చదువుతో చేసే పని.

ముందు అమెరికా సంగతి చెబుతాను. అక్కడి పార్లమెంటు ఎగువ సభ అయిన సెనేట్‌లో రెండు పార్టీలకూ పాలసీ కమిటీలు 1947లో వచ్చాయి. రిపబ్లికన్ల కమిటీకి మొదట రాబర్ట్ టాఫ్ట్ అధ్యక్షుడు. దిగువ సభ అయిన ప్రతినిధుల సభలో రిపబ్లికన్లు 1949లో తమ కమిటీ పెట్టుకున్నారు. బిల్లును పాస్ చేసే అధికారం వీటికి లేదు. సభ ముందుకు ఏ బిల్లు వస్తోంది, అందులో ఏముంది, పార్టీ ఎటు నిలబడాలి అన్నది తేల్చి సభ్యుల చేతికి చిన్న నోట్‌గా ఇవ్వడమే వీటి పని. సభ నడిచే రోజుల్లో మంగళవారం మధ్యాహ్నం ఒక పార్టీ సెనేటర్లంతా భోజనాల దగ్గర కూర్చుని ఈ విషయాలే మాట్లాడుకుంటారు. అక్కడ సొంత పార్టీకి ఎదురు ఓటేసినా సీటు పోదు. కాబట్టి సభ్యుణ్ని ఒప్పించాలి. ఒప్పించాలంటే ముందు ఎవరో ఒకరు కూర్చుని చదవాలి.

మన దగ్గర కథ వేరు. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక, విప్‌ను, అంటే ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని కాదని ఓటేస్తే ఎంపీ పదవికే ఎసరు వస్తుంది. ఓటు ఎటో ముందే తేలిపోయినప్పుడు నోట్ ఎవరు అడుగుతారు? ఈ సంగతి నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. అమెరికాలో ఉన్నట్టు సిబ్బంది, ఆఫీసు ఉన్న పార్టీ పాలసీ కమిటీలు మన పార్లమెంటులో లేవని పాపకు ఇప్పుడే చెప్పండి.

కానీ పని ఉంది. బిల్లుల్ని, శాఖల పనిని పరిశీలించే పార్లమెంటు కమిటీలు, అంటే శాఖలవారీ స్థాయీ సంఘాలు 24 ఉన్నాయి, ఒక్కోదానిలో 31 మంది ఎంపీలు. అక్కడ విప్ నడవదు, కాబట్టి చదువుకుని వచ్చిన సభ్యుడి మాటకు విలువ ఉంటుంది. లోక్‌సభలో రోజుకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పే స్టార్ ప్రశ్నలు 20, రాతపూర్వకంగా జవాబిచ్చే అన్‌స్టార్డ్ ప్రశ్నలు 230 జాబితాలోకి ఎక్కుతాయి. ఒక్కో ప్రశ్న వెనక చదివి, వెతికి, రాసిపెట్టే మనిషి కావాలి. పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్ పని ఇదే. ఏ డిగ్రీ అయినా సరే, వయసు 25 దాటకూడదు. వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా ఒక ఎంపీ దగ్గర పని, నెలనెలా స్టైపెండ్. పర్మనెంట్ ఉద్యోగమే కావాలంటే లోక్‌సభ, రాజ్యసభ సచివాలయాల్లోనూ పరిశోధన విభాగాలున్నాయి. వాటికి పరీక్షలు వేరు.

నోట్ రాయడం అంటే ఏమిటో చూపిస్తాను. పాలమూరు నుంచి ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చేది. తల్లిదండ్రులు పుణె వైపు మేస్త్రీ వెంట వలస పోయినవాళ్లు. వలస కార్మికుల చట్టం మీద రాయమన్నాను. ఆరు పేజీలు తెచ్చింది. వలస ఎంత బాధో ఉంది గానీ చట్టం లేదు. తిప్పి పంపాను. వారం తర్వాత ఒక్క పేజీతో వచ్చింది. 1979 చట్టం ఐదుగురు వలస కార్మికులున్న చోటికి వర్తించేది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్‌లో అది పదిమంది అయింది. పాత చట్టంలో మేస్త్రీ తీసుకుపోయినవాళ్లే లెక్కలోకి వచ్చేవాళ్లు. కొత్తదాంట్లో సొంతంగా పోయినవాళ్లకూ చోటుంది. అంటే ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇచ్చారు. పేజీ చివర, ‘మా నాన్న ముఠాలో ఎనిమిది మంది’ అని రాసింది. ఆ పేజీ ఇప్పటికీ నా సొరుగులో ఉంది. పాలసీ కమిటీ అయినా ఎంపీ ఆఫీసు అయినా కోరేది ఆ పేజీనే.

మన నేల ఇలాంటి చదువుకు కొత్త కాదు. మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు వెళ్లిన జైపాల్ రెడ్డి గారికి 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం వచ్చింది.

ఇక ఇబ్బందులు. ఎంపీ ఓడిపోతే ఆయన ఆఫీసులో ఉద్యోగమూ పోతుంది. ఢిల్లీలో గది అద్దె భారం. బిల్లులన్నీ ఇంగ్లిష్‌లోనే చదవాలి, పాప ఇంగ్లిష్ రాత ఇప్పటి నుంచే గట్టిపడాలి. అందుకని గ్రూప్-2 పుస్తకాలు పక్కన పెట్టొద్దనండి. పాలిటీ సిలబస్ రెండింటికీ పనికొస్తుంది. ఒక్క ఏడాది గడువు ఇవ్వండి. ఫెలోషిప్ వస్తే పంపండి, రాకపోతే గ్రూప్స్ ఎలాగూ ఉంది.

మీ మిల్లులో బిహార్ హమాలీలు ఉంటే, ఈ కోడ్ వాళ్లకు వర్తిస్తుందో లేదో ఒక్క పేజీలో రాయమనండి. రాత్రి అన్నాలయ్యాక మీకు తెలుగులో చదివి వినిపించమనండి. మీకు ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ పెన్నుతో గీత పెట్టండి. ఆ పేజీ నాకు పంపిస్తే దిద్ది తిరిగి పంపుతాను.