ముందు గోళీల సంగతి చూడు బిడ్డా

బిడ్డా సౌమ్యా,

నువ్వు ఢిల్లీలో ఆరోగ్య విధానాల టీమ్‌లో చేరుతున్నావని మీ నాయన ఫోన్ చేసి చెప్పాడు. దేశం మొత్తానికి వైద్యం ఎలా అందాలో నోట్లు రాసి పైవాళ్లకు ఇచ్చే ఉద్యోగమట కదా. మీ పెద్దమ్మ అప్పుడే వాడకట్టంతా చెప్పుకొచ్చింది. నాకూ గర్వంగానే ఉంది కానీ ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. సర్వీసంతా పీహెచ్‌సీలో ఫార్మసిస్టుగా చేసినవాణ్ణి, పైనుంచి దిగిన పథకాలు ఎన్ని చూశానో నీకు తెలుసు. ఇప్పుడు వాటిని రాసేవాళ్లలో మనింటి పిల్ల ఉంటుందంటే టెన్షన్ ఉండదా మరి?

మామూలు జాగ్రత్తలు నీకు చెప్పక్కర్లేదు. హిందీ నేర్చుకో. వైద్యసేవల మీద బ్రిటిష్ కాలంలో వేసిన భోర్ కమిటీ 1946 రిపోర్టు చదివే ఉంటావు, డబ్బు లేదని ఎవరికీ వైద్యం ఆగకూడదని స్వాతంత్ర్యానికి ముందే రాసిపెట్టారు. 2025 కల్లా ప్రభుత్వం పెట్టే ఖర్చు జీడీపీలో 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం అంది, 2021-22 లెక్కల్లో అది 1.84 దగ్గర ఉంది. ఈ అంకెలు నాకన్నా నీకే బాగా తెలుసు, వదిలేస్తున్నా.

నేను చెప్పదలుచుకున్నది 2007 సంగతి. నువ్వప్పటికి చిన్నపిల్లవు. ఆ ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ ముందు మూడే జిల్లాల్లో మొదలైంది: అనంతపురం, శ్రీకాకుళం, మన మహబూబ్‌నగర్. వెనకబడిన జిల్లాలని మనల్ని ముందు వరసలో నిలబెట్టారు, మనకు అలాంటి యోగం ఎప్పుడో గానీ పట్టదు. తెల్లకార్డు ఉంటే కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అది చాలకపోతే ఇంకో యాభై వేలు. దాన్ని నేను ఎప్పుడూ చులకన చేయను. అంతకుముందు గుండెకు రంధ్రం ఉన్న పిల్లను ఎత్తుకుని, ముఖ్యమంత్రి సహాయ నిధి కోసం ఎమ్మెల్యే ఇంటి ముందు పొద్దంతా కూర్చున్న తల్లిదండ్రులను చూశాను. ఉన్న రెండెకరాలు అమ్ముకున్నవాళ్లనూ చూశాను. కార్డు వచ్చాక అలాంటి పిల్లలే హైదరాబాద్ పోయి ఆపరేషన్ చేయించుకుని బడికి పోయారు. చేతులెత్తి మొక్కాను.

తప్పు ఎక్కడ జరిగిందంటే, ఆ కార్డు మంచం పట్టిన రోగానికే పనికొచ్చింది. రోజూ మింగే గోళీకి రాదు, చీటీ రాయించుకుని మందులు తీసుకుని ఇంటికి పోయే మనిషికి రాదు. పథకంలో చేరిన నెట్‌వర్క్ దవాఖానల వాళ్లు ఊళ్లలో హెల్త్ క్యాంపులు పెట్టేవాళ్లు. బడి ఆవరణలో టెంటు, మైకు, వరసగా కుర్చీలు, బీపీ చూసే మిషన్లు, పెద్ద సందడి. పథకం డబ్బు కట్టే ప్యాకేజీలో ఉన్న జబ్బు బయటపడితే హైదరాబాద్‌కు పిలిచేవాళ్లు. మిగిలినవాళ్ల చేతిలో ‘బీపీ ఉంది, పీహెచ్‌సీలో చూపించుకోవాలి’ అని ఒక చీటీ. ఆ చీటీలన్నీ మర్నాడు పొద్దున నా కౌంటర్ ముందు ఉండేవి. నా బీరువాలో ఏముందని? మూడు నెలలకని రాసి తెప్పించుకున్న ఇండెంట్‌లో వచ్చిన బీపీ గోళీలు నెలన్నరకే అడుగంటేవి. కత్తెరతో స్ట్రిప్పు కోసి ఐదు ఐదు పంచేవాళ్లం. చదువు రానివాళ్లకు కవరు మీద పొద్దుటి గోళీకి సూర్యుణ్ణి, రాత్రి గోళీకి చందమామను గీసి ఇచ్చేవాణ్ణి. బొమ్మలు గీయడానికి పెన్ను ఉండేది, లోపల వేయడానికి గోళీలు ఉండేవి కావు.

ఆ చీటీ పట్టుకుని వచ్చినవాళ్లలో మన వెనక వీధి మేస్త్రీ ఒకాయన. మనిషి గట్టిగా ఉండేవాడు, ఏ బాధా లేదు, బీపీ మాత్రం ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ. “సారూ, బొంబాయి పోతున్నం, రెండు నెల్లకు గోళీలియ్యి” అన్నాడు. రెండు నెలలకు ఇచ్చే రూలు లేదు, సరుకు అసలే లేదు. ఉన్నవి ఇచ్చాం. అక్కడ ఆయన కార్డుకు విలువ లేదు, కూలి పోగొట్టుకుని దవాఖానకు పోయే ఓపికా లేదు, నొప్పి లేని రోగానికి ఎవరు పోతారు చెప్పు. కొన్నేళ్లకు కాళ్లు వాచి, ముఖం ఉబ్బి తిరిగొచ్చాడు. రెండు కిడ్నీలూ పోయాయన్నారు. అప్పుడు మాత్రం కార్డు పనిచేసింది. వారానికి రెండుసార్లు డయాలసిస్, పైసా తీసుకోలేదు. కానీ పోయిన ప్రతిసారీ భార్య కూలి పోయేది, బస్సు కిరాయిలు ఇద్దరివి, కొడుకు చదువు మధ్యలో ఆగిపోయింది. ఆయన ఎక్కువ కాలం బతకలేదు.

ప్రభుత్వం కొనే ధరకు ఆ బీపీ గోళీ, ఆమ్లోడిపిన్, రూపాయి కూడా పడదు. డయాలసిస్ ఒక్కసారికి వెయ్యికి పైనే. ఈ లెక్క వేయడానికి నీ ఎంపీహెచ్, అదే ప్రజారోగ్యం డిగ్రీ, అక్కర్లేదు, అయినా ఎవరూ వేయలేదు. ఎందుకంటే ఆపరేషన్ అయిన పిల్ల ఫొటో పేపర్లో వస్తుంది, చెడిపోకుండా ఉన్న కిడ్నీకి ఫొటో ఉండదు. లక్షన్నర తర్వాత కేంద్రం 2018లో ఆయుష్మాన్ భారత్ అని ఐదు లక్షలు అంది, మన రాష్ట్రం 2023 డిసెంబర్‌లో పది లక్షలు చేసింది. అంకె పెరుగుతూనే ఉంది, దవాఖానలో చేరకుండా ఇంటికి తెచ్చుకునే ఓపీ మందులు ఇప్పటికీ దానికి బయటే. జనం జేబులోంచి పోయే డబ్బులో పెద్ద వాటా ఆ మందులదే మరి! నీ ముందు పెట్టే ప్రతి ప్రతిపాదనలోనూ ముందు ఇది వెతుకు.

మందుల సరఫరాకు మంత్రం ఏమీ లేదు. తమిళనాడు 1994లో మందులు కొనడానికి ప్రత్యేకంగా కార్పొరేషన్ పెట్టుకుంది, ప్రతి దవాఖానకూ ఒక పాస్‌బుక్కు, వాడకాన్ని బట్టి సరుకు. మనకూ తర్వాత అలాంటిదే వచ్చింది, మందుల సరుకు లెక్క చూసే ఈ-ఔషధి కంప్యూటర్లొచ్చాయి, పల్లె దవాఖానలొచ్చాయి, నా రోజులకన్నా నయం, కాదనను. థాయ్‌లాండ్ సంగతి మీవాళ్లు తప్పకుండా ఎత్తుతారు. 2002లో అక్కడి డబ్బు ముప్పై బాత్‌లకే వైద్యం అని అందరూ అదొక్కటే చెబుతారు. అంతకుముందు దశాబ్దాలపాటు వాళ్లు పల్లెల్లో దవాఖానలు కట్టుకుంటూ, కొత్త డాక్టర్లను అక్కడికి పంపుతూ వచ్చిన సంగతి స్లైడులో పట్టదు కదా.

ఇంకోటి. ప్రతిదీ ఆరోగ్య శాఖే చేయాలనుకోకు. నల్లగొండలో మీ అమ్మమ్మగారి మర్రిగూడ వైపు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో వంగిన కాళ్లు నువ్వు చిన్నప్పుడు చూసి భయపడి ఏడ్చావు, గుర్తుందా? కేంద్ర పరిశోధన సంస్థ నీరీ వాళ్లు పటిక, సున్నంతో నీళ్లు శుద్ధిచేసే పద్ధతి కనిపెడితే దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరొచ్చింది, పుస్తకాల్లో ప్రపంచమంతా తిరిగింది. వంగిన ఎముకను ఏ డాక్టరూ నిటారు చేయలేకపోయాడు. ఇప్పటి పిల్లల కాళ్లు బాగున్నాయంటే అది ఊళ్లోకొచ్చిన కృష్ణా నీళ్ల వల్లే. కాబట్టి తాగునీళ్ల శాఖ వాళ్లతో కూడా కూర్చో.

డిగ్రీ లేకుండా ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీలను మాత్రం ఒక్క మాటతో కొట్టిపారేయకు. వాళ్లు ఇష్టమొచ్చినట్టు ఎక్కించే సెలైన్లు, స్టెరాయిడ్లు చూసి నాకూ ఒళ్లు మండుతుంది. రాత్రి పదింటికి జ్వరమొస్తే ఇంకెవరు తలుపు తీస్తారో రాసి, ఆ తర్వాత తిట్టు. వలస కూలీల పేరు ఎక్కడా లేని నోటు రాశావో, నాతో మాట్లాడకు. పాలమూరు పిల్లవై ఉండి అది మర్చిపోతే ఇంకెవరికి గుర్తుంటుంది?

కోపంగా రాశానేమో. నువ్వు ఎంసెట్‌లో సీటు రాలేదని ఏడ్చినప్పుడు నేను ఒక్క మాటా అనలేదు, అప్పటివన్నీ కలిపి ఇప్పుడు అంటున్నాననుకో. మీ నాయనకు, నాకు ఇద్దరికీ బీపీ, మన ఇంటిది అది. నీకింకా చిన్న వయసే అని తోసేయకు, ఆరు నెలలకోసారి చూపించుకో, వేళకు తిను.

మొదటి నోటు రాయగానే నాకు పంపు. ఇంగ్లీషైనా ఫర్వాలేదు, ప్రింటు తీయించుకుని చదువుతా. ఎర్ర పెన్ను కొనిపెట్టుకున్నాను.

మీ పెద్దనాయన