ర్యాప్ రాసేటోళ్ల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మైకుల గురించే. దానికి ముందే జవాబు చెప్పేస్తున్నాం. కానీ అసలు గొడవలు మొదలయ్యేది బీటు దగ్గర, కాగితం దగ్గర. ఎక్కువ చోటు వాటికే ఇచ్చాం.

ప్రశ్న: మా ఇల్లు రైస్ మిల్లు పక్కనే. పొద్దంత లారీల మోత. చేతిల 20 వేలున్నయ్. కండెన్సర్ మైకే కొనమని దోస్తులు అంటున్నరు. కొనాల్నా? (డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ)

వద్దు. కండెన్సర్ మీ గొంతుతో పాటు మిల్లు మోటారునూ, పక్కింటి కుక్కర్ విజిల్‌నూ అంతే శ్రద్ధగా వింటుంది. మీ గదికి చుట్టుపక్కల మోతను తక్కువగా పట్టే డైనమిక్ మైకు నయం. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్‌లోంచి మైకుకు అందే కరెంటు) అక్కర్లేదు, కాకపోతే గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మీట) బాగా తిప్పాలి. మైకును కంప్యూటర్‌కు కలిపే ఇంటర్‌ఫేస్ చవకదైతే, అందులో గెయిన్ చివరిదాకా తిప్పితే సుయ్‌మని రొద పుడుతుంది. అందుకే మైకు కంటే ఇంటర్‌ఫేస్ మీద ఎక్కువ పెట్టండి. సుమారుగా 8 వేలు దానికి, 5 వేలు మైకుకు, 4 వేలు చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్‌కు, మిగిలింది స్టాండు, కేబుల్, పాప్ ఫిల్టర్‌లకు.

మైకు వీపు మిల్లు వైపున్న కిటికీకి తిప్పండి. కార్డియాయిడ్ మైకు వెనక నుంచి వచ్చే మోతను తక్కువగా పట్టుకుంటుంది. మీ వీపు వెనక రెండు మందపాటి బొంతలు వేలాడదీయండి. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే బొద్దింకలకు ఇల్లు దొరుకుతుంది, అంతే. మైకుకూ నోటికీ మధ్య జానెడు దూరం ఉంచండి. గట్టిగా అరిచిన చోట కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటొద్దు. గొంతు హెడ్‌ఫోన్స్‌లో ఆలస్యంగా వినిపిస్తే ఏఎస్ఐఓ డ్రైవర్ (విండోస్‌లో ఆ ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్) ఎంచుకుని బఫర్‌ను 128 శాంపిళ్లకు దించండి. మిక్సింగ్ అప్పుడు మళ్లీ 1024కు పెంచుకోవచ్చు.

ఇంకొకటి. బీట్లు కట్టే సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎల్ స్టూడియో కొనేటట్టయితే, చవకగా వస్తుందని ఫ్రూటీ ఎడిషన్ తీసుకునే ముందు అందులో గొంతు రికార్డు చేయడం కుదురుతుందో లేదో చూసుకోండి. ప్రొడ్యూసర్ ఎడిషన్‌లో కుదురుతుంది. ట్రయల్ వెర్షన్‌లో పాట సేవ్ అవుతుంది గానీ, కొనేదాకా ఆ ఫైలు మళ్లీ తెరుచుకోదు.

ప్రశ్న: ఇంగ్లిష్, హిందీ ర్యాప్ వింటే మాట బీటు మీద కూసుంటది. నేను తెలుగుల రాస్తే చదివినట్టే ఉంటది. తప్పు ఎక్కడ? (మహబూబ్‌నగర్)

మీరు పంపిన నాలుగు లైన్ల చివర లేసిండు, పోయిండు, చేసిండు, తెచ్చిండు అని ఉన్నాయి. తప్పు అక్కడే. తెలుగులో ఒకే కాలంలో, ఒకే కర్తకు చెప్పే క్రియలు దాదాపు ఒకే తోకతో ముగుస్తాయి, కాబట్టి ఆ ప్రాస ఎవరికైనా ఊరికే దొరుకుతుంది. ఊరికే దొరికిన దాన్ని చెవి లెక్కచేయదు. ప్రాసను తోక మీద కాదు, మాట మొదట్లో, లోపల పట్టండి. మన పద్యాల్లోనూ ప్రాస పాదం చివర కాదు, పాదంలో రెండో అక్షరం మీద ఉంటుంది.

రెండోది మాత్రల లెక్క, అంటే అక్షరం పలికే కాలపు కొలత. హ్రస్వం ఒక మాత్ర. దీర్ఘమైనా, ఒత్తుకు ముందున్న అక్షరమైనా, సున్నా ఉన్న అక్షరమైనా రెండు. ఈ రెండు లైన్లు చూడండి:

మట్టి తట్ట నెత్తికెత్తి మెట్టు మెట్టు ఎక్కె బతుకు
గుట్టుగున్న అప్పు కొరకు గట్టు దాటి పోయె మెతుకు

మట్టి, తట్ట, నెత్తి, కెత్తి... ప్రతి ముక్కా మూడు మాత్రలే. లైనుకు ఎనిమిది ముక్కలు, 24 మాత్రలు. దీన్ని 140 బీపీఎం (నిమిషానికి 140 బీట్లు) ట్రాప్ శైలి బీటు మీద బీటుకో ముక్క చొప్పున వేయండి. బారుకు నాలుగు బీట్లు కాబట్టి ఒక లైను సరిగ్గా రెండు బార్లలో, అంటే మూడున్నర సెకన్లలోపు అయిపోతుంది. సెకనుకు ఏడు మాత్రలు పడతాయి. నోరు తట్టుకోగల వేగమే. ఇంగ్లిష్ వాళ్లు ట్రిప్లెట్ ఫ్లో అనేది ఇదే. మన ఛందస్సులో ఎనిమిది త్రిమాత్రల ఈ నడకకు ఎప్పుడో పేరు పెట్టారు: తురగవల్గన రగడ. గుర్రం గెంతు అని అర్థం. పేరు పెట్టినాయనకు హై-హ్యాట్ (డ్రమ్ సెట్‌లోని జంట తాళాలు) తెలియకపోవచ్చు గానీ లయ తెలుసు.

90 బీపీఎం బూమ్ బాప్ శైలి బీటు మీద అయితే ముక్కకు నాలుగు మాత్రలు, బారుకు 16. మూడు మాత్రల మాటల్ని తెచ్చి నాలుగు మాత్రల బీటు మీద పరిస్తే చివర్లో మాటను సాగదీయాల్సి వస్తుంది. చదివినట్టు వినపడేది దానికే. రాసేటప్పుడు బీటు ఆపేసి, మెట్రోనోమ్ ఒక్కటే పెట్టి, తొడ మీద తాళం వేస్తూ లెక్కపెట్టండి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా అప్పుడే గీత పెట్టుకోండి. 16 బార్లంటే 90 బీపీఎం దగ్గర దాదాపు 43 సెకన్లు. ఊపిరికి చోటు పెట్టకుండా రాసి, తర్వాత ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి అతికిస్తే, స్టేజీ మీద రెండో చరణంలోనే దొరికిపోతారు.

యాస మార్చకండి. 'గిట్ల', 'యాడికి', 'జర' పొట్టి మాటలు, బీటుకు అనువైనవి.

ప్రశ్న: యూట్యూబ్‌ల 'ఫ్రీ' అని రాసున్న బీటు తీసుకొని పాట పెట్టిన. రెండు నెలలకు కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. ఫ్రీ అంటే ఫ్రీ కాదా? (నల్గొండ)

చాలాసార్లు కాదు. వీడియో కింద చిన్న అక్షరాల్లో 'ఫ్రీ ఫర్ నాన్ ప్రాఫిట్' అని ఉండి ఉంటుంది. అంటే డబ్బు రానంతవరకే. మీరు పాటను స్పాటిఫైకి పంపినా, చానెల్‌లో ప్రకటనలు తెరిచినా ఆ మాట చెల్లదు.

ముందుగా అది క్లెయిమా, స్ట్రైకా చూసుకోండి. క్లెయిమ్ అయితే చాలాసార్లు పాట ఉంటుంది, ప్రకటనల డబ్బు అవతలివాళ్లకు పోతుంది. స్ట్రైక్ అయితే పాటే పోతుంది, 90 రోజుల్లో మూడు పడితే చానెల్ కూడా పోతుంది. మీది క్లెయిమే కాబట్టి తొందరపడి డిస్ప్యూట్ నొక్కకండి. బీటు చేసినతనికి మెయిల్ రాసి లీజు (పాటలో వాడుకునే అనుమతి) కొనండి, రసీదు తీసుకోండి, తర్వాత అతనినే క్లెయిమ్ తీసేయమనండి. డిస్ప్యూట్ పెట్టాల్సి వస్తే చేతిలో లైసెన్స్ కాగితం ఉన్నప్పుడే పెట్టండి. జవాబు ఇవ్వడానికి అవతలివాళ్లకు 30 రోజుల గడువు ఉంటుంది.

లీజు కొన్నా ఇంకో గుంత ఉంది. లీజు బీటు మీ ఒక్కరిదే కాదు, అదే బీటు మీద వేరేవాళ్లూ పాడి ఉంటారు. పాటను డిస్ట్రిబ్యూటర్‌కు (పాటను యాప్‌లకు చేర్చే సంస్థకు) పంపేటప్పుడు కంటెంట్ ఐడీ (యూట్యూబ్‌లో మీ పాట శబ్దాన్ని పోల్చి పట్టే ఏర్పాటు) గడిలో టిక్కు పెడితే, మీ పేరుతో వాళ్ల పాటలకు క్లెయిమ్‌లు పోతాయి. వాళ్లు తిరగబడతారు, డిస్ట్రిబ్యూటర్ మీ ఖాతానే మూసేయొచ్చు. రెడీమేడ్ లూప్‌లతో చేసిన బీటుకూ ఇదే చిక్కు. ఎక్స్‌క్లూజివ్‌గా కొన్నదో, ప్రతి స్వరమూ మీరే కట్టిందో అయితేనే ఆ టిక్కు పెట్టండి.

లీజు కాగితంలో మూడు చూడండి: ఎన్ని స్ట్రీమ్‌ల దాకా, ఎన్నేళ్ల దాకా, ట్రాకులు విడివిడిగా ఇస్తారా లేదా. ఒక్క ఎంపీ3 ఇస్తే మీ గొంతుకు చోటు చేయడానికి మిక్సింగ్‌లో ఏమీ మిగలదు.

పాత సినిమా పాట ముక్క వాడడం గురించి కూడా అడిగారు. ఐదు సెకన్లయితే పర్వాలేదన్నది ఉత్త మాట. రికార్డింగ్‌కు ఒక హక్కుదారు, ట్యూనుకూ సాహిత్యానికీ వేరే హక్కుదారులు ఉండొచ్చు. అందరి దగ్గరా అనుమతి కావాలి.

ప్రశ్న: డప్పు, కిన్నెర మా పాటల పెట్టాలని ఉంది. రికార్డు చేస్తే బీటుతో కలుస్తలేదు. (నాగర్‌కర్నూల్)

డప్పును మంట మీద కాచి రికార్డు మొదలుపెడితే, తోలు చల్లారిన కొద్దీ శ్రుతి దిగిపోతుంది. మొదటి టేకునూ, కాసేపటి తర్వాతి టేకునూ అతికిస్తే అతుకు తెలిసిపోతుంది. టేకు టేకుకూ మళ్లీ కాచండి. మైకును దగ్గర పెట్టకుండా నాలుగైదు అడుగుల దూరంలో, గది బయట, ఆరుబయటే పెట్టండి. దగ్గర పెడితే సిర్ర దెబ్బ ఒక్కటే చిటపటమంటుంది, లోపలి గుమ్మనే నాదం రాదు.

కిన్నెర శ్రుతి మీ కీబోర్డు శ్రుతికి సరిపోవాలని లేదు. వాయిద్యాన్ని సాఫ్ట్‌వేర్‌లో లాగి సరిచేస్తే నాదం పాడవుతుంది. ట్యూనర్‌తో దాని శ్రుతి చూసి, బేస్‌నూ మిగతా స్వరాలనూ ఆ తేడా మేరకు దించండి, లేదా ఎక్కించండి. 12 మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్యది మీ జిల్లానే. వాయించే పెద్దమనిషికి డబ్బిచ్చి, పాటలో వాడుకోవడానికి ఒప్పుకున్నట్టు రెండు లైన్లు రాయించుకుని సంతకం తీసుకోండి. పాట కింద పేరు వేయడం మరవకండి. పాతకాలపు జానపదానికి కాపీరైట్ ఉండదు, కానీ ఇంకొకరు చేసిన దాని రికార్డింగ్‌కు ఉంటుంది.

ప్రశ్న: బేస్ హెడ్‌ఫోన్స్‌ల మస్తుంటది. ఫోన్‌ల అసలే రాదు, ఆటోల పెడితే బుడబుడమంటది. (దేవరకొండ)

మీ 808 (బేస్ డ్రమ్ము శబ్దం) నోటు 55 హెర్ట్జ్ దగ్గర ఉంటే ఫోన్ స్పీకర్ దాన్ని పలికించలేదు. కొంచెం శాచురేషన్ (శబ్దాన్ని కాస్త గరుకు చేసే ఎఫెక్ట్) వేస్తే 110, 165 దగ్గర ఛాయలు పుడతాయి, ఫోన్‌లో వినపడేది అవే. ఆటోలో బుడబుడకు కారణం ఒక నోటు తోక మీద ఇంకో నోటు పడటం. 808ను ఒకసారికి ఒకే నోటు మోగేలా పెట్టండి, కిక్ కొట్టిన క్షణం అది తగ్గేలా సైడ్‌చెయిన్ వేయండి, 30 హెర్ట్జ్ కింద కోసేయండి. స్పాటిఫై ఎలాగూ మైనస్ 14 లఫ్స్‌కు (శబ్దం ఎంత పెద్దగా వినపడుతుందో చెప్పే కొలత) దించుతుంది కాబట్టి, దానికోసం పాటను నలిపి నలిపి పెంచి లాభం లేదు.

ప్రశ్న: ఒక మ్యూజిక్ కంపెనీ మా పాటకు 25 వేలిస్తామంటోంది. సంతకం పెట్టాలా? (సూర్యాపేట)

ముందు బీటు ఎవరిదో చూసుకోండి. లీజు బీటు అయితే మీదికాని దాన్ని అమ్మినట్టవుతుంది, 25 వేలతో పాటు లాయరు ఖర్చూ మీ మీద పడుతుంది. బీటు దోస్తు చేసిందయితే, సాహిత్యం ఎవరిది ఎంత శాతం, బీటు ఎవరిది ఎంత అన్నది కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాకే కంపెనీ దగ్గరికి పోండి.

తర్వాత ఒప్పందంలో 'శాశ్వతంగా', 'ప్రపంచవ్యాప్తంగా' అన్న మాటలు వెతకండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఆ రెండు మాటలు రాసేది ఈ రక్షణ తీసేయడానికే. ఐదేళ్ల లైసెన్స్ ఇస్తామని అడిగి చూడండి. 2012 సవరణ తర్వాత గీత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను కంపెనీకి రాసిచ్చినా అది చెల్లదు. ఆ వాటా చేతికి రావాలంటే ఐపీఆర్ఎస్‌లో (రాయల్టీ వసూలు చేసి పంచే సంఘంలో) సభ్యత్వం తీసుకోండి. కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే సాహిత్యానికి 500, సౌండ్ రికార్డింగ్‌కు 2,000 రూపాయల ఫీజు.

కంపెనీ ట్రాకులన్నీ విడివిడిగా అడుగుతుంది. ఇచ్చే ముందు ప్రాజెక్టు ఫైలును, గొంతు ట్రాకులను, 24 బిట్ వేవ్ మాస్టర్‌ను రెండు వేర్వేరు డ్రైవ్‌లలో పెట్టుకోండి. ఒకటి మీ ఇంట్లో, ఇంకొకటి వేరే ఇంట్లో.