జియోపాలిటిక్స్ పీజీకి నాలుగు లక్షలు కట్టే ముందు

అన్నా, మీరు రాసిందంతా చదివాను. మీరు చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్, అమ్మాయి ఒంగోలులో బీఏ ఎకనమిక్స్ ఆఖరి ఏడాది. పేద దేశాల గనుల చుట్టూ నడిచే రాజకీయం చదువుతానని ఆమె పట్టుబడుతోంది, ఏదో ప్రైవేటు యూనివర్సిటీ జియోపాలిటిక్స్ పీజీకి నాలుగు లక్షలు అడుగుతోంది, మీరేమో బీఈడీ చేయించి డీఎస్సీ రాయిద్దామంటున్నారు. అమ్మాయి ఎంచుకున్న సబ్జెక్టు మంచిదే. ఆ కోర్సు మాత్రం వద్దు.

ఇది ఊసుపోక చదివే సబ్జెక్టు కాదన్నా. మీ గెలాక్సీ గ్రానైట్ రాయినే తీసుకోండి, ముడి దిమ్మె ఓడెక్కి చైనాకి పోతే ఊరికి మిగిలేది క్వారీ కూలి, ప్రభుత్వానికి సీనరేజి అనే తవ్వకం రుసుము, అదే ఇక్కడ కోసి పాలిష్ పెట్టి పంపితే మీకు ఉద్యోగం. ఇండోనేషియా నికెల్ విషయంలో సరిగ్గా ఈ పేచీయే పెట్టుకుంది. 2020 జనవరి నుంచి ముడి ఖనిజం బయటికి పోనివ్వలేదు, దాంతో చైనా కంపెనీలే అక్కడికొచ్చి ఖనిజం కరిగించి లోహం తీసే స్మెల్టర్లు కట్టాయి, యూరోపియన్ యూనియన్ ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవోకి వెళ్లి 2022లో గెలిచినా ఇండోనేషియా అప్పీలు చేసి తన దారిన తను పోతోంది. మరి ఫ్యాక్టరీ వాళ్ల గడ్డ మీదున్నా లాభం ఎవరి జేబులోకి పోతోంది? కాంగోది ఇంకో కథ, ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో దాదాపు 70 శాతం అక్కడిదే, శుద్ధి చేసేది మాత్రం ఎక్కువగా చైనాలో. బోట్స్వానా తన వజ్రాల గనుల కంపెనీలో డీబీర్స్ అనే పెద్ద వజ్రాల సంస్థతో చెరి సగం వాటా పెట్టుకుని, 2013లో వజ్రాలు వేరుచేసి అమ్మే పనిని లండన్ నుంచి తన రాజధానికి రప్పించుకుంది. శభాష్ అనుకునేలోపు ల్యాబ్‌లో తయారుచేసే వజ్రాలొచ్చి ధరలు పడ్డాయి, ప్రభుత్వ ఆదాయానికి గండి పడింది.

మన దేశం కూడా ఈ ఆటలోకి దిగింది. విదేశాల్లో ఖనిజాలు సంపాదించడానికి 2019లో మూడు ప్రభుత్వ సంస్థలు కలిసి పెట్టిన కాబిల్ అనే కంపెనీ, 2024 జనవరిలో అర్జెంటీనాలోని కటమార్కాలో ఐదు లిథియం బ్లాకులకి ఒప్పందం చేసుకుంది. ఇలాంటి చోట రాయల్టీ ఎంత, ధర పడితే నష్టం ఎవరిది, రవాణాకి ఎంతవుతుంది అని లెక్క కట్టేవాళ్లు కావాలి. లెక్క రాకుండా జియోపాలిటిక్స్ ఒక్కటే చదివితే టీవీ చర్చలకి తప్ప ఎందుకూ పనికిరాదు, కటువుగా ఉన్నా ఉన్న మాట ఇదే.

అందుకని ఎంఏ ఎకనమిక్స్, అదీ గట్టి చోట. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌యూ రెండింటికీ సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి, ఫీజులు మీరు భరించగలిగినవే. చెన్నైలో మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్ ఉంది, ఒంగోలు నుంచి రైలుకి దగ్గర, ఫీజు మాత్రం ఎక్కువ. ఎంఏ అయ్యాక యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనమిక్ సర్వీస్ రాయొచ్చు, లేదంటే రేటింగ్ ఏజెన్సీలు, కన్సల్టెన్సీలు, లోహాల ధరల మీద రిసెర్చ్ చేసే కంపెనీలు ఉన్నాయి. మొదటి జీతం చూసి మీకు నీరసం రావచ్చు, రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి. బీఈడీ ఎక్కడికీ పోదు, ఎంఏ తర్వాతైనా చేసుకోవచ్చు.

ఒక్కటి మీరు రాయలేదు, ఇంటర్‌లో ఎంఈసీనా సీఈసీనా? ఎంఈసీ అయితే ఈ ఏడాదే సీయూఈటీకి అప్లై చేయించండి. సీఈసీ అయితే తొందరొద్దు, ఒక ఏడాది ఇంట్లోనే ఇంటర్ మ్యాథ్స్, డిగ్రీ స్టాటిస్టిక్స్ పట్టుకోమనండి, అప్పుడు రాయించండి. ఆ ప్రైవేటు యూనివర్సిటీకి మాత్రం అడ్వాన్సు కట్టకండి.