బొమ్మలు పెట్టుబడి అంటే మావారు నమ్మడం లేదు

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. నాకు 43 ఏళ్లు. చదువుకునే రోజుల్లో సోనీ ఛానెల్లో హిందీలో వచ్చిన ‘ఐ డ్రీమ్ ఆఫ్ జీనీ’, ‘బివిచ్డ్’ అంటే ప్రాణం. ఇక్కడికొచ్చాక ఆ పాత్రల బొమ్మలు కొనడం మొదలుపెట్టాను. జీనీ, ‘బివిచ్డ్’లోని మంత్రగత్తె సమంతాలతో మొదలై, వేరే పాత అమెరికన్ సీరియళ్ల బొమ్మలు జూలియా, మిసెస్ బీస్లీ, ‘ఐ లవ్ లూసీ’ లూసీ బార్బీలు, ఫాంజీ దాకా అరవై దాటాయి. సగం గెస్ట్ రూమ్‌లో, సగం గరాజ్‌లో ఉన్నాయి. కొన్ని పార్సిళ్లు ఇంకా విప్పనే లేదు. మావారికి తెలియకుండా కొన్నింటిని స్నేహితురాలి ఇంటికి తెప్పించుకున్నాను. క్రెడిట్ కార్డు మీద 2,300 డాలర్ల బాకీ, దానికి 22 శాతం వడ్డీ చూసి ఆయన మండిపడ్డారు. అన్నీ అమ్మేయమంటున్నారు. డిసెంబర్లో అత్తగారు తెనాలి నుంచి వస్తున్నారు. ఆవిడకు ఆ గది కావాలి. సంక్రాంతికి ఇక్కడే బొమ్మల కొలువు పెడతారట. ఇవి పెట్టుబడి అని ఎంత చెప్పినా మావారు వినడం లేదు. ఎలా ఒప్పించాలి?

జవాబు: ఆ మాటతో ఒప్పించాలని చూడకండి. పెట్టుబడి అన్నారంటే లెక్క చూపించాలి, చూపిస్తే మీరే ఓడిపోతారు. 2,300 డాలర్ల మీద 22 శాతం వడ్డీ అంటే ఏడాదికి 500 డాలర్ల పైమాటే. ఏటా అంత పెరిగే బొమ్మ మీ గరాజ్‌లో లేదు. అమ్మకానికి పెట్టిన ధర వేరు, నిజంగా అమ్ముడైన ధర వేరు. ఈబే వేలం సైట్‌లో ‘సోల్డ్ ఐటమ్స్’ నొక్కి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. వచ్చిన దాంట్లో పదో వంతుకు పైగా ఫీజు కిందే పోతుంది, ప్యాకింగు, పోస్టేజీ అదనం. 1990ల చివర్లో బొమ్మల కంపెనీ మాటెల్ తెచ్చిన లూసీ బార్బీల సంగతి మరీ కష్టం. దాచుకోవడానికని కొన్నవాళ్లంతా పెట్టె తెరవకుండా దాచారు కాబట్టి వాటికి కొరత లేదు.

వీటి బదులు ఆయనతో ఉన్న మాట చెప్పండి. “ఇవంటే నాకు ఇష్టం. ఇది ఖర్చే. ఎంతవరకో ఇద్దరం కలిసి అనుకుందాం.” ఇష్టానికి హద్దు పెట్టుకోవచ్చు. లాభం వస్తుందని నమ్మినవాళ్లకు మాత్రం ఇంకొకటి కొనడానికి ఎప్పుడూ కారణం దొరుకుతూనే ఉంటుంది.

ఆయన కోపం బొమ్మల మీద కన్నా స్నేహితురాలి ఇంటికి వెళ్లిన పార్సిళ్ల మీదే ఎక్కువ ఉండి ఉంటుంది. ఆయన అడిగి రాబట్టక ముందే మీరే ఒక షీట్ తయారుచేసి ఆయన చేతికివ్వండి. ప్రతి బొమ్మకూ ఒక వరుస రాయండి: ఏ కంపెనీ, ఏ సంవత్సరం, ఏం తక్కువైంది, ఎంతకు కొన్నారు, గత మూడు నెలల్లో అలాంటిది ఎంతకు అమ్ముడైంది. కొన్న ధర గుర్తులేని చోట ఈమెయిల్ రసీదు వెతకండి. తగ్గించి రాయకండి. స్నేహితురాలి అడ్రసు ఈరోజే అకౌంట్లోంచి తీసేయండి, తీసినట్టు ఆయనకు చెప్పండి.

షీట్ రాసేటప్పుడు కొన్ని విషయాలు చూసుకోవాలి. జూలియా నడుం కింద 1966 అని ముద్ర కనిపిస్తే అది శరీరం అచ్చు సంవత్సరం, బొమ్మది కాదు. డయాన్ కారోల్ నర్సుగా నటించిన ఆ సీరియల్ మొదలైందే 1968లో, బొమ్మ వచ్చింది 1969లో. జుట్టు ఎర్రబారితే అది పాత రంగు మారడం వల్లే, రంగు వేసి సరిచేయాలని చూడకండి. మాట్లాడే జూలియా మూగబోవడం మామూలే: మాట్లాడించడానికి లాగే తాడు తెగుతుంది, లేదా లోపలి రబ్బరు బెల్టు పాడవుతుంది. శరీరాన్ని అతుకు దగ్గర కోస్తే తప్ప లోపలికి చేరలేం. కాబట్టి అమ్మేదైతే విప్పకుండా ‘మాట్లాడదు’ అని రాసి పెట్టడమే మేలు. 1967 నాటి మాటెల్ మిసెస్ బీస్లీకి సాధారణంగా కళ్లజోడు పోతుంది. ఆష్టన్-డ్రేక్ వాళ్లు తర్వాత మళ్లీ తయారుచేసిన బీస్లీని పాతదని నమ్మి కొన్నారేమో ట్యాగు చూడండి. 1965 నాటి ఐడియల్ కంపెనీ సమంతా ఎర్ర గౌనుతో పాటు టోపీ, చీపురు ఉంటేనే పూర్తయినట్టు. 1976 నాటి మెగో కంపెనీ ఫాంజీకి వెనక మీట కదిపితే బొటనవేళ్లెత్తిన చేతులు పైకి లేవాలి.

తర్వాత ఏవి ఉంచాలో తేల్చుకోండి. మీరు ప్రేమించినవి జీనీ, సమంతా. ఫాంజీ సీరియల్ చూశానని మీరు రాయలేదు. ఒక్క బొమ్మ కోసం పది బొమ్మల లాట్ కొంటే మిగిలిన తొమ్మిది ఇలాగే ఇంట్లో పేరుకుంటాయి. చూడని సీరియళ్లవి, రెండేసి ఉన్నవి, లూసీ బార్బీలు ముందు అమ్మండి. అసంపూర్ణమైనవాటిని నాలుగైదు కలిపి లాట్‌గా పెడితే పోస్టేజీ కలిసొస్తుంది. వచ్చిన ప్రతి డాలరూ కార్డుకే కట్టాలి. బాకీ సున్నా అయ్యేదాకా కొత్తది వద్దు. ఆ తర్వాత నెలకు ఇద్దరికీ సమానంగా ఒక మొత్తం, 75 డాలర్లనుకోండి, లెక్క అడగని సొంత ఖర్చుగా పెట్టుకోండి. ఆయన వాటా కూడా ఉండాలి, లేకపోతే అది మీకు వేసిన భత్యంలా ఉంటుంది. ఒకటి వస్తే ఒకటి వెళ్లాలన్న నియమం కూడా పెట్టుకోండి.

అన్నీ అమ్మేయమన్న ఆయన మాటతో మాత్రం నేను ఏకీభవించను. తొందరలో అమ్మితే సగం ధర కూడా రాదు. ఆ నష్టం తర్వాత మీ ఇద్దరి మధ్యే నిలిచిపోతుంది.

ఉంచుకున్నవాటికి గరాజ్ పనికిరాదు. టెక్సస్ ఎండలకు వినైల్ ప్లాస్టిక్‌లోని మెత్తదనాన్నిచ్చే రసాయనం పైకి ఊరి, బొమ్మ జిగురుగా తయారై దుమ్ము పట్టుకుంటుంది. ఎర్ర గౌను రంగు ఒంటికి అంటుకుంటుంది. రబ్బరు బ్యాండ్లు, పీవీసీ సంచులు తీసేయండి. పాలీప్రొపిలీన్ డబ్బాలో, యాసిడ్ లేని టిష్యూలో చుట్టి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేసి, ఏసీ ఉన్న గదిలో లోపలి గోడ పక్కన ఉంచండి. తేమ 50 శాతం దరిదాపుల్లో ఉంటే చాలు. బట్టతో చేసిన మిసెస్ బీస్లీకి పురుగు పడుతుందని కలరా ఉండలు వేయకండి. వాటి ఆవిరికి కొన్ని ప్లాస్టిక్‌లు మెత్తబడి పాడవుతాయి. అత్తగారు మంచి మనసుతోనే వేయొచ్చు, ముందే చెప్పి ఉంచండి.

అత్తగారి సంగతి మీరనుకున్నంత కష్టం కాకపోవచ్చు. కొలువు పెట్టే ఆవిడకు బొమ్మను ఏడాదంతా దాచి, మళ్లీ తీసి పెట్టడం కొత్త కాదు. ఆవిడ వచ్చే రెండు వారాల ముందే గది పూర్తిగా ఖాళీ చేసి, హాల్లో ఎండ పడని చోట ఒక్క అద్దాల బీరువాకు సరిపడా మాత్రమే ఉంచండి. కొలువులో సమంతాను పెడదామా అని ఆవిడనే అడగండి. సరే అంటే దీపాలకు దూరంగా, మూడు రోజులు చాలు. తర్వాత చుట్టడానికి ఉతికిన తెల్ల నూలు బట్ట వాడండి. వార్తాపత్రిక వద్దు, దాని సిరా వినైల్‌కు అంటుకుంటే పోదు.

చివరగా, విప్పని పార్సిళ్ల గురించి. కొన్నది చూడాలన్న కోరిక లేకుండా కొనడం, దాచడం, రాత్రి పొద్దుపోయేదాకా వేలాలు చూడటం ఉంటే, అది బొమ్మల మీద ఇష్టం మాత్రమే కాదు. ఆ పార్సిళ్లన్నీ ఈ వారాంతం ఆయన ఎదుటే విప్పండి, వాపసు గడువు ఉన్నవి తిరిగి పంపేయండి. ఫోన్లోంచి యాప్ తీసేసి, దాచుకున్న కార్డు నంబరు చెరిపేయండి. మూడు నెలలు చూడండి. ఈలోపు ఒక్కటైనా మళ్లీ చాటుగా కొంటే, మిమ్మల్ని మీరు తిట్టుకుంటూ కూర్చోకండి. మీ ఇన్సూరెన్స్ పరిధిలో ఉన్న థెరపిస్టును వెతికి, మొదటి సెషన్‌కు ఆయననూ వెంట తీసుకెళ్లండి.